ఆప్టికల్ చిప్‌లో వెలుగును మళ్లించడానికి ఏది ఎంచుకోవాలి: హీటరా, మెమ్సా, పీజోనా?

ఎంటెక్ రెండో ఏడు మొదలయ్యేసరికి హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో ప్రాజెక్టుల టెన్షన్ మొదలవుతుంది. సిలికాన్ ఫోటోనిక్స్ (సిలికాన్ చిప్ మీద వెలుగును నడిపించే రంగం) వైపు వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, హీటర్లు అందరూ చేసిండ్రు. మెమ్స్ తీసుకుంటే నయమా?" పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు ఇంకాస్త ముందుకెళ్లి పీజో అంటారు, లిథియం నయోబేట్ అంటారు. హీటర్ వేడితో పనిచేస్తుంది, మెమ్స్ చిప్ మీద కదిలే అతిచిన్న భాగంతో, పీజో వోల్టేజ్ పెడితే సాగే పదార్థంతో, లిథియం నయోబేట్ వోల్టేజ్‌కు వక్రీభవన గుణకం మారే స్ఫటికంతో. పేపర్లు చదివితే తేలుతుందనుకుంటే అదీ కాదు. ప్రతి పేపరూ తన డివైస్‌కు బలమున్న అంకెనే ముందు పెడుతుంది. నాలుగు చదివితే నాలుగూ గొప్పగానే కనిపిస్తాయి.

అందుకే వీటన్నింటినీ ఒకే కొలతలతో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేగం, వోల్టేజ్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఒకసారి సెట్ చేసిన ఫేజ్ (వెలుగు తరంగం దశ) ఎంతసేపు అలాగే నిలవాలి, చిప్ మీద అలాంటివి ఎన్ని ఉండాలి. ఈ రెండింటికీ జవాబు రాసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం, కదిలే భాగాన్ని చిప్ నుంచి విడిపించే పని ఎవరు, ఎక్కడ చేస్తారన్నది.

## చిప్ మీద మనం మార్చేది ఏమిటి

మామూలు సిలికాన్ వేవ్‌గైడ్ (వెలుగు నడిచే సన్నని దారి) 220 నానోమీటర్ల మందం, దాదాపు 450 నుంచి 500 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. 1550 నానోమీటర్ల వెలుగుకు సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.48, చుట్టూ ఉండే ఆక్సైడ్‌ది 1.44. ఈ తేడా వల్ల వెలుగు లోపలే ఉంటుంది, కానీ దాని అంచు కొద్దిగా గోడల బయటికి వ్యాపిస్తుంది. ఈ అంచు గుర్తుంచుకోండి, మెమ్స్ కథంతా అక్కడే నడుస్తుంది.

వెలుగును మళ్లించాలంటే ఎక్కువసార్లు చేసేది, రెండు దారుల్లో ఒకదానిలో ఫేజ్ మార్చి తిరిగి కలపడం. ఈ అమరికనే ఇంటర్‌ఫెరోమీటర్ అంటారు. 180 డిగ్రీలు మారిస్తే ఒక పోర్టులో వచ్చే వెలుగు రెండో పోర్టుకు వెళ్తుంది. ఫేజ్ మార్చడానికి దారులు రెండు. ఒకటి, సిలికాన్ గుణాన్నే మార్చడం: వేడి చేసో, ఎలక్ట్రాన్లు నింపో. రెండు, బయటికి వచ్చిన ఆ వెలుగు అంచులోకి ఇంకో సన్నని కడ్డీని దగ్గరగా జరపడం. కడ్డీ కొన్ని పదుల నానోమీటర్లు జరిగితే చాలు, వెలుగుకు కనిపించే గుణకం చాలా మారిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నిలిపి ఉంచడానికి పవర్. అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. హీటర్‌లో ఫేజ్ నిలవాలంటే కరెంటు పారుతూనే ఉండాలి. ఎలక్ట్రోస్టాటిక్ మెమ్స్‌లో వోల్టేజ్ ఉండాలి గానీ కరెంటు పారదు.

చిన్న లెక్క వేద్దాం. 180 డిగ్రీలకు హీటర్ 20 మిల్లీవాట్లు తీసుకుందనుకోండి. ఒక సెకను నిలిపితే 20 మిల్లీజౌళ్లు. మెమ్స్‌కు ప్యాడ్‌తో కలిపి 200 ఫెమ్టోఫారాడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుంటే, 20 వోల్టులకు దానిలో చేరే శక్తి 40 పికోజౌళ్లు. ఆ తర్వాత సెకనైనా గంటైనా లీకేజీ తప్ప ఖర్చు లేదు. సెకనుకే తేడా 50 కోట్ల రెట్లు.

ఈ అంకె చూసి వెంటనే మెమ్స్ వైపు దూకకండి. మీ చిప్ మీద నాలుగే హీటర్లు ఉంటే మొత్తం ఖర్చు 80 మిల్లీవాట్లు. పక్కనున్న ట్యూనబుల్ లేజర్ పెట్టె అంతకు ఎన్నో రెట్లు కాలుస్తుంది. పైగా 20, 30 వోల్టులు ఇచ్చే ఆంప్లిఫయర్ ఊరికే పనిచేయదు. పవర్ ఆదా అనే వాదన నిలిచేది సంఖ్య పెరిగినప్పుడే. 2016లో క్లెమెంట్స్, తోటి పరిశోధకులు చూపిన దీర్ఘచతురస్ర మెష్‌ను (ఇంటర్‌ఫెరోమీటర్ల వలను) 32 పోర్టులకు కడితే 496 ఇంటర్‌ఫెరోమీటర్లు, ఒక్కోదానిలో రెండు చొప్పున 992 ఫేజ్ షిఫ్టర్లు కావాలి. సగటున 20 మిల్లీవాట్లు అంటే దాదాపు 20 వాట్లు, వేలిగోరంత చిప్ మీద. దాన్ని చల్లబరచడమే ఇంకో ప్రాజెక్టు.

పక్కవాటి మీద ప్రభావం. వేడి అక్కడికక్కడే ఆగదు. ఒక చానల్‌ను కదిపితే రెండు చానళ్ల అవతలిది కూడా కాస్త జరుగుతుంది. ల్యాబ్‌లో ఇది చూస్తే చిరాకొస్తుంది: మూడో హీటర్ ఆన్ చేస్తారు, అంతకుముందే సరిచేసి పెట్టిన ఒకటో హీటర్ పోర్టులో పవర్ మీటర్ మెల్లగా పాకుతూ ఉంటుంది. మళ్లీ ఒకటోది సరిచేస్తే మూడోది కదులుతుంది. మెమ్స్‌లో ఈ బాధ దాదాపు లేదు.

వేగం. దారి ఎంత తరచుగా మారాలి? నిమిషానికోసారా, సెకనుకు వెయ్యిసార్లా, వందకోట్లసార్లా? చివరిదైతే హీటర్, మెమ్స్ రెండింటినీ పక్కన పెట్టేయండి.

వెలుగు నష్టం, డివైస్ పొడవు. ఒక్క డివైస్‌లో అర డెసిబెల్ పోతే పెద్దగా అనిపించదు. వరుసగా ఇరవై దాటితే పది డెసిబెల్స్ పోయినట్టు, అంటే పదో వంతు వెలుగే మిగులుతుంది.

తయారీ. వేవ్‌గైడ్ కింద ఉన్న ఆక్సైడ్‌ను తినేసి కడ్డీని గాల్లో వేలాడదీయాలంటే ప్రత్యేకమైన పని కావాలి. చాలామంది ప్లాన్లు ఇక్కడే ఆగిపోతాయి. దీని గురించి కింద విడిగా మాట్లాడుకుందాం.

## కదలిక లేని పద్ధతులు

### హీటర్

వేవ్‌గైడ్ పైన ఒకటి రెండు మైక్రాన్ల ఎత్తులో టైటానియం నైట్రైడ్ లాంటి లోహపు పట్టీ వేసి కరెంటు పంపడం, అంతే. సిలికాన్ ఇండెక్స్ (వక్రీభవన గుణకం) ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి 0.00018 చొప్పున పెరుగుతుంది. 100 మైక్రాన్ల పొడవు తీసుకుంటే, 180 డిగ్రీల ఫేజ్ కోసం ఆ ముక్క సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. సాధారణంగా 10 నుంచి 30 మిల్లీవాట్లు, స్పందన పదుల మైక్రోసెకన్లు.

దీని బలం నమ్మకం. దాదాపు ప్రతి ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) డిజైన్ కిట్‌లోనూ ఉంటుంది, వెలుగు నష్టం దాదాపు లేదు, ల్యాబ్‌లో ఉన్న మామూలు సోర్స్ మీటర్‌తో నడుస్తుంది. హీటర్ పాతదని చిన్నచూపు చూసేవాళ్లను చూశాను. మెష్ అల్గారిథమో, సెన్సరో, కంట్రోల్ సర్క్యూటో మీ అసలు విషయమైతే ఫేజ్ షిఫ్టర్ ఎంత బోరింగ్‌గా ఉంటే అంత మంచిది.

హీటర్ కింద, పక్కన తవ్వి వేడి బయటికి పోకుండా చేస్తే ఖర్చు కొన్ని మిల్లీవాట్లకు దిగుతుంది. బదులుగా చల్లారడం ఆలస్యమై స్పందన 100 మైక్రోసెకన్లు దాటుతుంది. సిలికాన్ నైట్రైడ్ ప్లాట్‌ఫాం వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: దాని ఇండెక్స్ వేడికి సిలికాన్‌లో ఏడో వంతే మారుతుంది. కాబట్టి హీటర్ పొడవూ, పవరూ రెండూ పెరుగుతాయి.

### క్యారియర్లు, లిథియం నయోబేట్

సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు, హోల్స్ సంఖ్య మారితే ఇండెక్స్ ఎంత మారుతుందో సోరెఫ్, బెనెట్ 1987లోనే లెక్కగట్టారు. డయోడ్‌లో ఈ క్యారియర్లు (ఎలక్ట్రాన్లు, హోల్స్) నింపితే నానోసెకన్లలో మారుతుంది, ఖాళీ చేసే పద్ధతిలో పదుల గిగాహెర్ట్జ్ వేగం వస్తుంది. కానీ ఆ క్యారియర్లే వెలుగును మింగుతాయి. ఫేజ్ మారుతుంటే వెలుగు బలం కూడా మారుతుంది, మెష్‌లో దీన్ని సర్దుకోవడం తలనొప్పి. ఖాళీ చేసే పద్ధతికైతే మిల్లీమీటర్ల పొడవు కావాలి.

పలుచని పొర లిథియం నయోబేట్‌లో నష్టం తక్కువ, వేగం ఎక్కువ. డేటా మాడ్యులేషన్‌కు అదే సరైనది. ఎక్కువసేపు స్థిరంగా నిలిపి ఉంచాలంటే మాత్రం బయాస్ (నిలిపి ఉంచిన పని స్థితి) మెల్లగా జారిపోతుంది. అందుకే నయోబేట్ చిప్‌ల మీద కూడా బయాస్ కోసం చాలామంది పక్కన ఒక హీటర్ పెడతారు!

కరెంటు తీసేసినా స్థితి నిలుపుకునే ఫేజ్ ఛేంజ్ (పదార్థపు స్థితే మారే) పదార్థాలు కూడా ఉన్నాయి, యాంటిమొనీ సెలినైడ్ లాంటివి. సంవత్సరానికి కొన్నిసార్లే మార్చే దారులకు ఆకర్షణీయమే. ఈ పోలికలో వాటిని వదిలేస్తున్నాను.

## కదిలే పద్ధతులు

మెమ్స్ అంటే భయపడేవాళ్లకు ఒక్క మాట. చాలా క్లాస్‌రూంలలో పైకప్పుకు వేలాడే డీఎల్‌పీ ప్రొజెక్టర్ లోపల లక్షల సూక్ష్మ అద్దాలు ఏళ్ల తరబడి అటూ ఇటూ వాలుతూనే ఉంటాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో ఆ అద్దాల చిప్‌ను తయారుచేశారు. కదిలేది త్వరగా చెడిపోతుందన్న అనుమానం అంత బలమైనది కాదు. ప్యాకేజింగ్ సరిగా లేకపోతే చెడిపోతుందన్నది నిజం.

"మెయిన్ లైన్‌లో రైలు పోతే కడ్డీ ఊగదా?" అని కూడా అడుగుతారు. కడ్డీ బరువు కొన్ని పికోగ్రాములు, దాని సహజ పౌనఃపున్యం లక్షల హెర్ట్జ్‌లో ఉంటుంది. నేల అదురు పదుల హెర్ట్జ్. కడ్డీకి అది తెలియను కూడా తెలియదు. అదురుకు కదిలేది పైన పట్టుకున్న ఫైబర్.

### గ్యాప్ మూసే ఎలక్ట్రోస్టాటిక్ కడ్డీ

వేవ్‌గైడ్ పక్కన ఒక కడ్డీ, దాన్ని లాగడానికి ఎదురుగా ఒక ఎలక్ట్రోడ్. నిర్మాణం ఇంతకంటే సులువుగా ఉండదు. లాగే బలం వోల్టేజ్ వర్గానికి అనులోమంగా, దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది. చిక్కు ఆ రెండో భాగంలోనే. కడ్డీ దగ్గరయ్యే కొద్దీ లాగుడు పెరుగుతుంది. గ్యాప్‌లో మూడో వంతు దాటగానే స్ప్రింగ్ ఓడిపోయి కడ్డీ ఒక్కసారిగా వెళ్లి ఎలక్ట్రోడ్‌కు కొట్టుకుంటుంది. దీన్నే పుల్-ఇన్ అంటారు.

అంకెల్లో చూద్దాం. స్ప్రింగ్ బలం మీటరుకు 1 న్యూటన్, గ్యాప్ 500 నానోమీటర్లు, ఎలక్ట్రోడ్ పొడవు 20 మైక్రాన్లు, మందం 220 నానోమీటర్లు. పుల్-ఇన్ దాదాపు 31 వోల్టుల దగ్గర వస్తుంది. నమ్మకంగా వాడుకోగల కదలిక 160 నానోమీటర్ల లోపే. గ్యాప్ సగం చేస్తే వోల్టేజ్ 11కు దిగుతుంది, కదలిక కూడా 80కి పడిపోతుంది. వోల్టేజ్, కదలిక రెండూ కలిసి రావు. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా నేరుగా కామ్‌సోల్ (సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) తెరిచేవాళ్లు వారం తర్వాత అదే అంకె దగ్గరికి వస్తారు.

కొలిచేటప్పుడు ఇది ఎలా ఉంటుందంటే: అర వోల్ట్ చొప్పున పెంచుతుంటారు. 15 వరకు పవర్ మీటర్ దాదాపు కదలదు, 25 దాటాక ప్రతి అడుగుకూ పెద్ద మార్పు వస్తుంది, ఇక బాగానే ఉందనుకునేలోపు రీడింగ్ ఒక్కసారిగా ఎక్కడికో గెంతుతుంది. వోల్టేజ్ తగ్గిస్తారు. 30కి రాదు, 20కి రాదు. అదృష్టం బాగుంటే బాగా కిందికి దించాక విడిపోతుంది. లేకపోతే సున్నాకు తెచ్చినా అతుక్కునే ఉంటుంది. అందుకే ఎలక్ట్రోడ్‌కు ముందు ఒక మెగాఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. తాకినప్పుడు కరెంటు పెద్దగా పారక, కనీసం కొన అతుక్కుని కరిగిపోకుండా ఉంటుంది.

సరైన చోట ఇది చాలా పదునైన పరికరం. 2021 నాటికే పదుల మైక్రాన్ల పొడవులో, అర డెసిబెల్ లోపు నష్టంతో, 180 డిగ్రీలు దాటించే కదిలే ఫేజ్ షిఫ్టర్లు వచ్చాయి. స్పందన మైక్రోసెకను దరిదాపుల్లో, అంటే హీటర్ కంటే వేగం కూడా ఎక్కువే. మెమ్స్ నెమ్మది అనే మాట పెద్ద అద్దాల విషయంలో వచ్చింది, ఈ చిన్న కడ్డీలకు అది వర్తించదు.

పుల్-ఇన్‌నే పనికి వాడుకున్న డిజైన్లూ ఉన్నాయి. బర్కిలీలో మింగ్ వు బృందం 2016లో చూపిన 64×64 స్విచ్‌లో, కదిలే వేవ్‌గైడ్ కిందికి వంగి ఒక ఆపు దగ్గర నిలుస్తుంది. మధ్య స్థితులతో పనిలేదు, ఆన్ లేదా ఆఫ్. 4096 స్విచ్‌లు ఉన్నా ఒక్కో వెలుగు దారి ఆన్‌లో ఉన్న ఒక్క జంక్షన్ గుండానే మలుపు తిరుగుతుంది కాబట్టి, చిప్ లోపల గరిష్ఠ నష్టం 3.7 డెసిబెల్స్ దగ్గర ఆగింది. స్విచింగ్ సమయం మైక్రోసెకను లోపు. 2019లో అదే బృందం దాన్ని 240×240 వరకు తీసుకెళ్లింది. అంత పెద్ద స్విచ్‌ను హీటర్లతో కట్టాలంటే వెలుగు ఎన్నో దశలు దాటాలి, వేడి సంగతి సరేసరి.

### కోంబ్ డ్రైవ్

రెండు దువ్వెనలు ఒకదానిలోకి ఒకటి దూరినట్టుండే పళ్ల వరుసలు. 1989లో బర్కిలీలోనే ట్యాంగ్, న్గుయెన్, హౌ దీన్ని బయటపెట్టారు. బలం జరిగిన దూరం మీద ఆధారపడదు, కాబట్టి ఆ దిశలో పుల్-ఇన్ లేదు. మైక్రాన్ దాకా కూడా సాఫీగా జరపొచ్చు. అనలాగ్‌గా కంట్రోల్ చేయాలనుకునేవాళ్లకు నా ఓటు దీనికే.

దీనికీ ఖరీదుంది. బలం తక్కువ కాబట్టి చాలా పళ్లు కావాలి, స్థలం తింటుంది. 220 నానోమీటర్ల పలుచని సిలికాన్‌లో పళ్లు వేస్తే ఎదురెదురు వైశాల్యం మరీ తక్కువ. బరువు పెరిగి వేగం కొన్ని మైక్రోసెకన్ల నుంచి పదుల మైక్రోసెకన్లకు జారుతుంది. స్ప్రింగ్ పక్కకు మెత్తగా ఉంటే పళ్లు పక్కకు వాలి అతుక్కుంటాయి. స్ప్రింగ్ మడత సరిగ్గా వేయడం మెకానికల్ బుర్ర అడిగే పని. ఈసీఈ విద్యార్థి ఒక్కడే కూర్చోవడం కంటే మెకానికల్ నుంచి ఒకరిని కలుపుకుంటే పని సగం అవుతుంది.

### పీజో

అల్యూమినియం నైట్రైడ్ పొర మీద వోల్టేజ్ పెడితే అది సాగుతుంది, కింద ఉన్న వేవ్‌గైడ్‌ను నొక్కుతుంది లేదా వంచుతుంది. గాలి గ్యాప్ అక్కర్లేదు, పుల్-ఇన్ లేదు, వోల్టేజ్‌కు సూటిగా స్పందిస్తుంది, ప్లస్ మైనస్ రెండు దిశల్లోనూ పనిచేస్తుంది. డిజైన్‌ను బట్టి మెగాహెర్ట్జ్‌లు దాటే వేగం వస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే కదలిక చాలా తక్కువ. అల్యూమినియం నైట్రైడ్ ఒక్కో వోల్టుకు సుమారు 5 పికోమీటర్లే సాగుతుంది. కాబట్టి పొడవు మిల్లీమీటర్లలోకి వెళ్తుంది, లేదంటే వేలాడే కడ్డీ చేసి ఆ కదలికను పెంచుకోవాలి, అప్పుడు రిలీజ్ (కడ్డీని చిప్ నుంచి విడిపించే పని) మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పీజెడ్‌టీ అనే ఇంకో పీజో పదార్థపు పొరలు ఎన్నో రెట్లు బలమైనవి. కానీ అందులో సీసం ఉంటుంది, సరైన స్ఫటికం రావడానికి 600 డిగ్రీల పైన కాల్చాలి. సీసం అనగానే చాలా క్లీన్‌రూంలు తలుపు వేస్తాయి. మొదటి ప్రాజెక్టుగా పీజెడ్‌టీ వద్దు.

పీజో నిజంగా మెరిసేది అతిశీతల పరిస్థితుల్లో. కొన్ని కెల్విన్‌ల దగ్గర సిలికాన్ వేడికి స్పందించే గుణం బాగా పడిపోతుంది, పైగా ఆ క్రయోస్టాట్‌లో ఒక్కో మిల్లీవాట్ వేడీ భారమే. హీటర్ అక్కడ రెండు విధాలా ఓడిపోతుంది. సిలికాన్ నైట్రైడ్ మీద అల్యూమినియం నైట్రైడ్ వేసిన చిప్‌లు కనిపించే వెలుగులోనూ, ఆ చలిలోనూ పనిచేస్తాయని 2022 నాటికి చూపించారు. క్వాంటం వైపు వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

## ఒకచోట చూస్తే

| పద్ధతి | నిలపడానికి పవర్ | స్పందన | వోల్టేజ్ | పొడవు | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|---|
| హీటర్ | 10–30 మిల్లీవాట్లు | పదుల మైక్రోసెకన్లు | కొన్ని వోల్టులు | వంద మైక్రాన్లు, ఆపైన | పక్కవాటికి వేడి |
| కింద తవ్విన హీటర్ | కొన్ని మిల్లీవాట్లు | 100 మైక్రోసెకన్లు, ఆపైన | కొన్ని వోల్టులు | వంద మైక్రాన్లు, ఆపైన | నెమ్మది |
| క్యారియర్లు నింపడం | మిల్లీవాట్లు | నానోసెకన్లు | 1 వోల్ట్ దరిదాపు | వందల మైక్రాన్లు | వెలుగు నష్టం |
| లిథియం నయోబేట్ | దాదాపు సున్నా | నానోసెకను కంటే చాలా తక్కువ | కొన్ని వోల్టులు | మిల్లీమీటర్లు | బయాస్ జారడం |
| గ్యాప్ మూసే మెమ్స్ | దాదాపు సున్నా | మైక్రోసెకను దరిదాపు | 10–40 వోల్టులు | పదుల మైక్రాన్లు | పుల్-ఇన్, రిలీజ్ |
| కోంబ్ డ్రైవ్ | దాదాపు సున్నా | కొన్ని నుంచి పదుల మైక్రోసెకన్లు | పదుల వోల్టులు | చిన్నదే, స్థలం ఎక్కువ | రిలీజ్, స్ప్రింగ్ |
| అల్యూమినియం నైట్రైడ్ పీజో | దాదాపు సున్నా | మైక్రోసెకను లోపు సాధ్యం | పదుల వోల్టులు | మిల్లీమీటర్లు | చిన్న కదలిక |

ఇవి దరిదాపు అంకెలు, డిజైన్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి. పట్టికలో కనిపించనిది ఒకటుంది: కింది మూడింటికీ డ్రైవర్. ల్యాబ్ ఫంక్షన్ జనరేటర్ మామూలుగా ప్లస్ మైనస్ 10 వోల్టులకు మించదు. డీసీ సప్లై 30 దాకా ఇస్తుంది గానీ మైక్రోసెకన్లలో మారదు. వేగం కొలవాలంటే హై వోల్టేజ్ ఆంప్లిఫయర్ వేరే చూసుకోవాలి, బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

## అసలు కష్టం: రిలీజ్

చిప్ ఫౌండ్రీ నుంచి వచ్చినప్పుడు కడ్డీ ఇంకా ఆక్సైడ్‌లో పూడ్చుకునే ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆవిరితో ఆ ఆక్సైడ్‌ను తినిపించాలి. మైక్రోస్కోప్ కింద చూస్తే తిన్న మేర రంగు మారి, ఎచ్ రంధ్రాల చుట్టూ వలయం పెరుగుతూ కనిపిస్తుంది. రెండు పక్కల నుంచి వచ్చే వలయాలు కడ్డీ కింద కలిస్తే విడిపోయినట్టు. ఇంకాస్త ఆలస్యమైతే కడ్డీని పట్టుకున్న యాంకర్ కింద కూడా ఖాళీ అయిపోతుంది. ద్రవ ఆమ్లంతో చేస్తే ఆరేటప్పుడు నీటి తలతన్యత కడ్డీని కిందికి లాగి అంటించేస్తుంది. అందుకే ఆవిరి, లేదా క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్. ఈ ఆమ్లం ఒంటి మీద పడితే ఎముక దాకా పోతుంది. శిక్షణ, సరైన సదుపాయం లేని చోట ఎవరూ ముట్టుకోవద్దు.

ఫౌండ్రీ చిప్‌లో లోహపు పొరలు, వాటి మధ్య ఇంకో ఆక్సైడ్ కూడా ఉంటాయి. ఆవిరి వాటినీ తింటుంది. బెల్జియంలోని ఐమెక్ పరిశోధనా సంస్థ ప్రామాణిక ప్లాట్‌ఫాం మీద మెమ్స్ చేర్చిన ఐరోపా ప్రాజెక్టు మార్ఫిక్‌లో, తినకూడని చోట అల్యూమినా పొర కప్పి, కావాల్సిన చోటే తెరిచారు. స్వీడన్‌లోని కేటీహెచ్ పరిశోధకులు పైన సిలికాన్ మూత పెట్టి గాలి చొరకుండా సీల్ చేసే దారి కూడా చూపారు.

మన దగ్గర ఈ మూత మాట తేలిగ్గా తీసుకోకూడదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా వరంగల్ గాలిలో తేమ ఎంతుంటుందో తెలిసిందే. మూత లేని కడ్డీల మీద ఆ తేమ పేరుకుంటే అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. రిలీజ్ అయిన చిప్‌ను డెసికేటర్‌లో, వీలైతే పొడి నైట్రోజన్‌లో ఉంచండి. దుమ్ము పడితే అసిటోన్‌తో కడిగే అవకాశం ఇక లేదు. మే నెలలో ఏసీ ఆగితే మెమ్స్ కూడా కాపాడదు: సిలికాన్ రింగ్ రెజొనేటర్ (ఉంగరంలా చుట్టిన వేవ్‌గైడ్) పనిచేసే తరంగదైర్ఘ్యం ఒక డిగ్రీకి 70 నుంచి 80 పికోమీటర్లు జరుగుతుంది, ఫేజ్ షిఫ్టర్ ఏదైనా సరే. చిప్ కింద టీఈసీ (ఉష్ణోగ్రతను నిలిపి ఉంచే పరికరం) తప్పదు.

ఎక్కడ చేయించాలి? బెంగళూరు ఐఐఎస్సీలోనూ, ఐఐటీ బాంబేలోనూ ఉన్న నానోఫ్యాబ్ సదుపాయాలను బయటి సంస్థల పరిశోధకులకు తెరిచే ఐఎన్‌యూపీ కార్యక్రమం ఉంది. ప్రపోజల్ రాసి పంపాలి. ఐఐటీ మద్రాస్‌లో ప్రోగ్రామబుల్ ఫోటోనిక్స్ మీదే ఒక కేంద్రం ఉంది, వరంగల్‌లో చెన్నై రైలెక్కితే దిగేది అక్కడే. విదేశాల్లో ఇంగ్లండ్ సౌతాంప్టన్‌లోని కార్నర్‌స్టోన్ లాంటి చోట్ల పదిమంది డిజైన్లను ఒకే వేఫర్ మీద చేసి పంచుతారు. ఏదైనా సరే, ఫైల్ పంపిన రోజు నుంచి చిప్ చేతికొచ్చేదాకా నెలలు పడుతుంది.

## ఎవరికి ఏది

ఏడాదిలో డిగ్రీ చేతికి రావాల్సిన ఎంటెక్ విద్యార్థికి: హీటర్. మెమ్స్ మీద మనసు లాగితే డిజైన్, సిమ్యులేషన్ దాకా చేసి దాన్ని నిజాయితీగా సిమ్యులేషన్ అనే రాయండి. వెలుగు సిమ్యులేషన్‌కు మీప్, చిప్ గీయడానికి కేలేఅవుట్ ఉచితంగా దొరుకుతాయి. యాంత్రిక లెక్కనూ, వెలుగు లెక్కనూ కలిపి, 5 నానోమీటర్ల తయారీ తేడా వస్తే ఫేజ్ ఎంత మారుతుందో చూపితే అది మంచి థీసిస్. చిప్ వస్తుందని ఎదురుచూస్తూ వైవా దాకా వెళ్లడం మాత్రం జూదం.

పీహెచ్‌డీలో చేరినవాళ్లకు: మెమ్స్ ధైర్యంగా తీసుకోవచ్చు. మొదటి రన్‌లోనే పెద్ద మెష్ గీయకండి. గ్యాప్, స్ప్రింగ్ పొడవు, ఎచ్ రంధ్రాల దూరం మారుస్తూ ఒంటరి డివైస్‌లు నలభై యాభై పెట్టండి. పక్కనే అదే పని చేసే హీటర్ కూడా ఒకటి పెట్టండి. రిలీజ్ పాడైనా దాంతో వేవ్‌గైడ్ నష్టం, కప్లర్లు కొలుచుకోవచ్చు. అనలాగ్ ఫేజ్ కావాలంటే కోంబ్, ఆన్-ఆఫ్ స్విచ్ అయితే గ్యాప్ మూసే రకం.

డేటా సెంటర్ స్విచింగ్ వైపు చూసే ఇంజినీర్లకు: సందేహం లేకుండా మెమ్స్. గూగుల్ తన డేటా సెంటర్లలో వాడే పాలోమార్ 136×136 స్విచ్ కూడా మెమ్స్ అద్దాలదే, అది చిప్ లోపల కాదు, గాల్లో వెలుగును మళ్లించేది. అక్కడ స్విచింగ్ మిల్లీసెకన్లలో జరిగినా పని నడుస్తోంది, ఎందుకంటే దారులు చాలాసేపు మారవు. చిప్ మీది మెమ్స్ దానికంటే వెయ్యి రెట్లు వేగం, కానీ ఫైబర్ నుంచి చిప్‌లోకి, మళ్లీ బయటికి వచ్చే నష్టం కలుపుకుని పోల్చండి.

కమ్యూనికేషన్ మాడ్యులేటర్ చేసేవాళ్లకు: ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. డిప్లీషన్ డయోడ్ (క్యారియర్లను ఖాళీ చేసే పద్ధతి) లేదా నయోబేట్.

కొత్తగా ల్యాబ్ పెడుతున్న అధ్యాపకులకు: రిలీజ్ సౌకర్యం మీద డబ్బు పెట్టకండి, అది పెద్ద కేంద్రాల్లో చేయించుకోండి. మంచి ఫైబర్ అలైన్‌మెంట్ స్టేజ్, టీఈసీ, ఎక్కువ చానళ్ల వోల్టేజ్ డ్రైవర్ ఉంటే హీటర్, మెమ్స్, పీజో మూడూ అదే టేబుల్ మీద కొలవొచ్చు. డ్రైవర్ కొనేటప్పుడు గుర్తు మార్చి ఇవ్వగలదో లేదో చూడండి. ఎలక్ట్రోస్టాటిక్ బలానికి ప్లస్ మైనస్ తేడా లేదు, కాబట్టి వోల్టేజ్ దిశను మారుస్తూ నడిపితే ఆక్సైడ్‌లో చార్జ్ పేరుకుని కడ్డీ జారిపోవడం తగ్గుతుంది.

ఫౌండ్రీకి ఫైల్ పంపే ముందు వాళ్లను నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. పై ఆక్సైడ్‌లో కిటికీ తెరిచి ఇస్తారా? ప్యాడ్ లోహం ఆమ్లపు ఆవిరిని తట్టుకుంటుందా? సిలికాన్ పొరలో ఒత్తిడి ఎంత, ఎందుకంటే పొడవాటి కడ్డీ విడిపోయాక వంగిపోవచ్చు? డైసింగ్ (వేఫర్‌ను చిప్‌లుగా కోయడం) రిలీజ్ కంటే ముందే అవుతుందా? చివరిది తప్పనిసరి. డైసింగ్ రంపం నీటి ధారతో కోస్తుంది, వేలాడుతున్న కడ్డీల్లో ఒక్కటీ మిగలదు. ఫైబర్ అంటించే జిగురు విషయంలోనూ అంతే జాగ్రత్త: కడ్డీలకు కనీసం కొన్ని వందల మైక్రాన్ల దూరంలో అడ్డంగా ఒక గాడి గీసి ఉంచండి. లేకపోతే జిగురు సన్నని సందుల్లోకి పాకి, యూవీ వెలుగు పడగానే అక్కడే గట్టిపడుతుంది.